రెండో పేజీ నోటీసు

ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా: టాలో కౌంటీ ఒకటవ నంబరు జల నియంత్రణ మరియు అభివృద్ధి జిల్లాను ఏర్పరచిన చట్టమునకు రాబోవు శాసనసభా సమావేశములందు సాంకేతిక సవరణ ప్రతిపాదింపబడును. సదరు సవరణ ప్రకారము జిల్లా పడమటి హద్దు పాత సర్వే మూలనున్న రాతిగుట్ట వద్ద ప్రారంభమై, ఉత్తరముగా రెండు వేల వేరా పోయి (వేరా యనగా ముప్పదిమూడు అంగుళములపై మూడవ వంతు, గజము కాదు), అచ్చట తూర్పునకు తిరిగి, కుబాలా వారి వంటింటి మెట్టుకు దక్షిణముగాను, సదరు వారి బావిగట్టుకు ఉత్తరముగాను సాగి, ఎండిన పెకాన్ చెట్టు మొదలును తాకి, మేకవాగు వెంబడి దిగి, తిరిగి మొదటి రాతిగుట్టను చేరును. అభ్యంతరములున్నవారు ముప్పది దినములలోగా తెలుపుకొనవలెను.

పై ముక్క మీరు చదవకపోయినా నేనేమీ అనుకోను. అది నోటీసు. నోటీసులు ఉన్నది చదవడానికి కాదు, అచ్చు వేయడానికి.

నా పేరు లియోటా హార్‌గ్రోవ్. టెక్సాస్ పడమటి మెట్టల్లో ఉన్న మా టాలో కౌంటీలో గురువారం గురువారం వెలువడే 'క్లారియన్' పత్రికకు సంపాదకురాలిని, విలేకరిని, ఫోటోగ్రాఫర్‌ని, సోమవారాల్లో గది ఊడ్చే మనిషిని కూడా. శాసనసభ ఏదైనా ఒక ఊరి కోసం ప్రత్యేకంగా చట్టం చేయదలిస్తే ముందుగా ఆ ఊరి పత్రికలో నోటీసు వేయాలని మా దగ్గర నియమం ఉంది. ప్రజలకు తెలియకుండా ఏదీ జరగరాదన్నది దాని వెనకనున్న మహదాశయం. ఆ ఆశయం పుణ్యమా అని నా పత్రిక బతుకుతోంది, చందాలైతే ఇంకుకు కూడా చాలవు. నోటీసులను రెండో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, పోయినవారి వివరాలకూ చర్చివారి చేపల విందు ప్రకటనకూ నడుమ వేస్తాను. పోయినవారి వివరాలు అందరూ చదువుతారు. చేపల విందు రెండుసార్లు చదువుతారు. నడుమ ఉన్నదాన్ని మాత్రం గుమ్మంలో పడుకున్న కుక్కను దాటినట్టు దాటేస్తారు.

ఐదేళ్ళ కిందట ఆ నడుమ జాగాలోనే మా జల జిల్లా పుట్టబోతున్నట్టు మొదటి నోటీసు వేశాను. జిల్లా అంటే పెద్దదేదో అనుకునేరు, తొమ్మిది వందల ఎకరాల ముళ్ళపొదల బీడు. దాని మీదుగా మేకవాగు అని ఒకటి పోతుంది. అందులో నీళ్ళు పారిన రోజున నేను ఫోటో తీసి మొదటి పేజీలో వేస్తాను, కాబట్టి ఆ వాగు ఏ పాటిదో మీరే ఊహించుకోండి. ఆ బీడును పెద్ద నగరం నుంచి వచ్చిన గ్రేడీ థాక్స్‌టన్ అనే ఆసామి కొన్నాడు. మనిషి మర్యాదస్తుడు. బూట్లు ఎప్పుడూ తళతళలాడుతుంటాయి, ఎందుకంటే ఆయన తన భూమిలో ఎన్నడూ కాలు పెట్టలేదు. అక్కడ పదకొండు వందల ఇళ్ళు, నడుమ పదకొండెకరాల నీలాల సరస్సు, సరస్సు ఒడ్డున తెల్ల ఇసుక, ఇసుకలో గొడుగులు అని బొమ్మ గీయించాడు. బొమ్మలో లేనిదల్లా నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయన్నదే. దానికే జిల్లా, నీళ్ళు తెచ్చే ఖర్చుకు అప్పు తెచ్చి పన్ను వేసే అధికారం దానికి ఉంటుంది.

రాజధానిలో ఆ బిల్లు ముప్పై ఎనిమిది బిల్లుల కట్టలో ఇరవై తొమ్మిదోదిగా వచ్చి, అభ్యంతరం లేని బిల్లుల వరసలో, మధ్యాహ్న భోజనానికి ముందు చట్టమైంది. అభ్యంతరం ఎందుకుంటుంది? నోటీసు వేశాం కదా. జిల్లాకు ఐదుగురు డైరెక్టర్ల పేర్లు చట్టంలోనే రాశారు. డైరెక్టరైన వాడికి జిల్లాలో సొంత భూమి ఉండాలి గనుక థాక్స్‌టన్ తలా ఒక దుప్పటి పరిచేంత నేల రాసిచ్చాడు. అందులో ఒకాయన తన భూమి చూసుకోవాలని ముచ్చటపడి వచ్చి, సరిగ్గా దాని మీదే ఎర్రచీమల పుట్ట ఉందని కాళ్ళ ద్వారా తెలుసుకుని, నేరుగా ఆసుపత్రికి పోయాడు. మిగిలిన నలుగురూ తమ భూములను కాగితం మీదే ప్రేమించారు.

చట్టం పాసైనందుకు శాసనసభలో మా ప్రతినిధి మెరిల్ ఓడమ్ గారు అగ్నిమాపక కేంద్రంలో విందు ఇచ్చారు. పద్నాలుగు గంటలు పొగమీద మగ్గిన గొడ్డుమాంసం, చింతపులుసు రంగు సాసు, ఊరంతా హాజరు. ఓడమ్ గారు ప్లాస్టిక్ గ్లాసు చేతబట్టి లేచారు.

"సోదర సోదరీమణులారా, నీళ్ళున్న చోట నీటిని నియంత్రించడం ఎవరైనా చేస్తారు. నీళ్ళు లేని చోట నియంత్రించడానికే దూరదృష్టి కావాలి. రేపంటూ ఈ నేలకు నీళ్ళొస్తే, అవి మన అనుమతి లేకుండా ఒక్క చుక్క కూడా ఎటూ పోలేవు. మన ముత్తాతలు కరువును భరించారు. మనం దానికి పాలకవర్గాన్ని ఏర్పాటు చేశాం."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, మాంసం బాగుంది.

ఆ చప్పట్ల మధ్య వెనక బెంచీ మీంచి వెర్నెల్ కుబాలా లేచింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఊరంతా వెర్నెలమ్మ అంటారు. భర్త పోయాక నలభై మేకలతో బీడు అంచున ఒంటరిగా ఉంటుంది. ఆమె మామగారి తండ్రి చేత్తో తవ్విన తొంభై అడుగుల బావి ఒకటుంది, మా కౌంటీ మొత్తంలో ఏ కరువుకూ ఎండనిది అదొక్కటే. కరువొచ్చినప్పుడు ఊళ్ళో సగంమంది ఆ బావి నీళ్ళతోనే కాఫీ కాచుకున్నారు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, పైపెచ్చు వెళ్ళేటప్పుడు గసగసాల బన్నులు కూడా చేతిలో పెట్టి పంపేది.

"అబ్బాయ్, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచొస్తాయి?" అని అడిగింది.

"కింది నుంచమ్మా. ఆరువందల అడుగుల బోర్లు నాలుగు వేస్తున్నారు."

"కింద ఉన్నవి నా బావిలో నీళ్ళేగా?"

ఓడమ్ గారు నవ్వి, చట్టం అలా చూడదమ్మా అని ఓపికగా చెప్పారు. మా రాష్ట్రంలో భూమి కింది నీళ్ళు తోడుకున్నవాడి సొత్తు. మోటారు ఎంత పెద్దదైతే హక్కు అంత పెద్దది. బోర్లు వేసే టర్మన్ నాతో చెప్పాడు, ఆ నాలుగు బోర్లూ నడిస్తే వెర్నెలమ్మ బావి రెండు వేసవులు కూడా ఆగదని. ఆ మాట నేను పత్రికలో వేయలేదు. టర్మన్‌కు ఆ బోర్ల పని దొరికింది, నాకు టర్మన్ ప్రకటనలు వస్తాయి.

ఇక ప్రజాస్వామ్యం దగ్గరికి వద్దాం. శాసనసభ జిల్లాను పుట్టించినా, ఆ జిల్లాలో కాపురముండే జనం ఓటేసి సరేనంటేనే దానికి ప్రాణం వస్తుంది. హద్దులు గీసిన లాయర్లు ఎంతో శ్రద్ధతో ఒక్క ఇల్లు కూడా లోపలికి రాకుండా గీశారు, ఉన్నవాళ్ళు ఎలా ఓటేస్తారో ఎవరికి తెలుసు? మరి జనం? ప్రజాస్వామ్యానికి ప్రజలు కావాలని చట్టంలో ఉంది గానీ, ఎంతమంది కావాలన్నది లేదు. అందుకని ఇలాంటి చోట్ల మా వాడుక ఏమిటంటే, చక్రాల ఇల్లు ఒకటి లాక్కొచ్చి బీడులో నిలబెట్టి, అందులో ఇద్దరిని కాపురం పెడతారు. ఆ ఇద్దరే ప్రజలు. ఇందులో తప్పుపట్టేందుకు ఏమీ లేదు, ఏళ్ళ తరబడి నడుస్తున్న సంప్రదాయం.

అలా ఉద్యోగంలో చేరినవాళ్ళు డెల్‌రాయ్ ప్రూవెట్, అతని భార్య యెసేనియా. అతను చమురు బావుల్లో నడుం విరగ్గొట్టుకుని పని లేక తిరుగుతున్నవాడు, ఆమె నగరంలో హోటల్ గదులు సర్దేది. ఉద్యోగం పేరు నివాసి. బాధ్యతలు తినడం, పడుకోవడం, నవంబరులో ఓటు వేయడం. థాక్స్‌టన్ కంపెనీ లాయరు వచ్చి, ఊరికే ఉంటే చాలదు, శాశ్వతంగా ఉండే ఉద్దేశం కూడా ఉండాలి, చట్టం మనసును చూస్తుంది అని బోధించాడు.

"ఎప్పటిదాకా శాశ్వతంగా సార్?" అని అడిగాడట డెల్‌రాయ్.

"ఎన్నికల మర్నాటి దాకా" అన్నాడట లాయరు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఓటర్ల జాబితాలో ముగ్గురు తేలారు. మూడో పేరు వెర్నెల్ కుబాలా. కంపెనీలో గగ్గోలు పుట్టింది. తవ్వితే తేలిందేమంటే, ఆ భూముల పాత దస్తావేజులు స్పెయిన్ వాళ్ళ కాలం నాటి వేరా కొలతల్లో ఉన్నాయి. మా దగ్గర పాత పొలాలన్నీ అంతే, చిన్నపిల్లాడికి కూడా తెలుసు. రాజధానిలో కొత్తగా చదువైపోయి వచ్చిన కుర్ర లాయరు వేరా అంటే గజమే కదా అనుకుని చట్టంలో రెండు వేల గజాలు అని రాసిపారేశాడు. వేరా గజం కంటే దాదాపు మూడంగుళాలు తక్కువ. రెండు వేల మార్లు ఆ మూడంగుళాలు కలిసేసరికి ఉత్తరపు హద్దు సుమారు నూట యాభై గజాలు పైకి జరిగి, వెర్నెలమ్మ ఇల్లూ బావీ మేకల పాకతో సహా జిల్లాలోకి వచ్చి పడ్డాయి. సర్వేవాళ్ళు ఆమె పెరటికి అవతల గులాబీరంగు రిబ్బన్లు కట్టిన కర్రలు పాతిపోయారు. మేకలు రిబ్బన్లు తిన్నాయి. కర్రలు మిగిలాయి.

సవరిద్దామంటే అది చట్టమాయె. చట్టాన్ని శాసనసభే మార్చాలి, మా శాసనసభ రెండేళ్ళకోసారి కూడి, ఐదు నెలలు ప్రజాసేవ చేసి, అలిసిపోయి ఇంటికి పోతుంది. అది మళ్ళీ కూడే దాకా తప్పు కూడా చట్టమే. థాక్స్‌టన్ కంగారు పడలేదు. ఇద్దరు ఎప్పుడైనా ఒకరికంటే ఎక్కువేగా అన్నాడు. లెక్క సరైనదే.

లెక్కలోకి రానిదల్లా దాహం. చక్రాల ఇంటికి బిగించిన నీళ్ళ ట్యాంకు గతుకుల దారిలో పగిలిపోయింది. డెల్‌రాయ్ కంపెనీకి ఫోను చేశాడు. కంపెనీ ఉత్తరం రాసింది, నేను కళ్ళారా చూశాను: "నివాసులకు నీటి సరఫరా జిల్లా బాధ్యత. జిల్లా ఏర్పడిన వెంటనే సదరు బాధ్యత నెరవేర్చబడును." జిల్లా ఏర్పడాలంటే వాళ్ళు ఓటేయాలి, ఓటేయాలంటే నవంబరు దాకా బతికుండాలి, అప్పటికింకా మార్చి నెల. బతకడం గురించి ఉత్తరంలో లేదు.

రెండు కడవలు పట్టుకుని ఇద్దరూ వెర్నెలమ్మ గుమ్మం ముందు నిలబడ్డారు. తాము ఎవరి మనుషులమో, ఎందుకొచ్చామో దాచకుండా చెప్పుకున్నారట. ఆమె ఆ సంగతి తర్వాత, ముందు లోపలికి రండి అందట. మా మెట్టల్లో దాహమని వచ్చినవాణ్ణి నువ్వెవరి మనిషివని అడగరు. అది చట్టంలో లేదు, అందుకే ఇంకా నడుస్తోంది. ఎనిమిది నెలలు రోజుకు రెండుసార్లు వాళ్ళు ఆ బావి నీళ్ళు మోసుకుపోయారు. తాగారు, వండుకున్నారు, స్నానాలు చేశారు. ఆ నీళ్ళు తాగి ఓపిక తెచ్చుకుని, ఆ నీళ్ళు లేకుండా చేయడానికి ఓటు వేయవలసి ఉంది. వెర్నెలమ్మ ఓటు ఊసు ఒక్కనాడూ ఎత్తలేదు. నేనైతే ఎత్తేదాన్ని.

ఎన్నికల ఏర్పాట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ముగ్గురు ఓటర్లకు ఏడుగురు అధికారులు. పోలింగు కేంద్రం వెర్నెలమ్మ మేకల పాక, ఎందుకంటే జిల్లాలో కాపురపు ఇళ్ళు కాక కప్పున్న కట్టడం అదొక్కటే. రెండు భాషల్లో బోర్డులు పెట్టారు, ఇంగ్లిషు బోర్డును మేకలు తిన్నాయి. ముందస్తు ఓటింగు పన్నెండు రోజులు జరిగింది, ఎవరూ రాలేదు, అధికారులు డామినోలు ఆడుకున్నారు. ఎన్నికల అధికారిణి ఓలీటా వీడ్నర్ మా స్కూలు లైబ్రేరియన్. ఆవిడ ఓటర్లను ఓటింగు గదికి వంద అడుగుల లోపల మాట్లాడుకోవద్దని హెచ్చరించింది. వెర్నెలమ్మకు అక్కడే మేకల పాలు పితికే పని ఉండటంతో ఆ రోజు మేకలతో కూడా మాట్లాడకుండా పితికింది.

సాయంత్రం ఓలీటా మూడు కాగితాలను మూడుసార్లు లెక్కపెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని ఫలితం ప్రకటించింది. అనుకూలం సున్నా. వ్యతిరేకం మూడు.

వెర్నెలమ్మ డెల్‌రాయ్ వంక తిరిగింది.

"ఎందుకురా ఇలా చేశావ్? ఉద్యోగం పోతుంది కదరా."

"ఎనిమిది నెలలు మీ నీళ్ళు తాగామమ్మా. చెయ్యి రాలేదు" అన్నాడతను. యెసేనియా కడవ తీసుకుని బావి వైపు నడిచింది. సాయంత్రం నీళ్ళ వేళయింది.

థాక్స్‌టన్ హుందాగా ప్రకటన విడుదల చేశాడు. ప్రజాతీర్పును శిరసావహిస్తున్నామన్నాడు. మర్నాడు పొద్దున్నే లారీ వచ్చి, శాశ్వత నివాస ఉద్దేశం కొరవడినందున అని కాగితం చేతిలో పెట్టి, పొయ్యి మీద గుడ్లు వేగుతుండగానే ప్రజల ఇంటిని లాక్కుపోయింది. ప్రజలు రోడ్డు మీద పెట్టె పట్టుకుని నిలబడ్డారు. వెర్నెలమ్మ వాళ్ళను ఇంట్లో పెట్టుకుంది. తర్వాత డెల్‌రాయ్‌కు ఊళ్ళో టైర్ల షాపులో పని దొరికితే అక్కడికి మారారు.

మా ఊరి ఆనందం చెప్పనలవి కాదు. ఎవరూ ఏమీ చేయకుండా వచ్చిన విజయం కదా, అందరికీ సమానంగా దక్కింది. ఊరేగింపు తీశాం. స్కూలు బ్యాండు, ఫైరింజను, దాని వెనక ట్రాలీ మీద మడత కుర్చీలో వెర్నెలమ్మ, ఒళ్ళో మేకపిల్ల. ఓడమ్ గారు కూడా వచ్చి, మొదటి నుంచీ తన హృదయం ఆ బావి వైపే ఉందని కంటతడి పెట్టారు. నేను ఆ వారం ప్రత్యేక సంచిక తెచ్చాను. మొదటి పేజీ నిండా వెర్నెలమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకున్న ఫోటో, పైన ఈ చివర నుంచి ఆ చివరిదాకా 'బావి గెలిచింది'. రెండు వందల ప్రతులు అదనంగా వేస్తే మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. ముప్పై ఏళ్ళలో అంతమంది నా పత్రిక కొనడం నేనెరగను. డెల్‌రాయ్ ఆ మొదటి పేజీ కాగితాన్ని పటం కట్టి వెర్నెలమ్మకు బహుమతిగా ఇచ్చాడు. వెనక వేయడానికి చెక్క దొరక్క, పాత కిటికీ అద్దాలు రెండు కోసి ముందొకటి వెనకొకటి బిగించాడు. ఆమె దాన్ని వంటింటి గోడకు తగిలించుకుంది.

ఊరు సంతృప్తిగా మరిచిపోయింది. చలికాలం వచ్చింది, శాసనసభ కూడింది, పనులు చేసింది, పోయింది.

మరుసటి అక్టోబరులో వెర్నెలమ్మ ఫోను చేసింది. "లియోటా, మళ్ళీ గులాబీ రిబ్బన్లు వచ్చాయే. ఈసారి పెరటి అవతల కాదు. వంటింటికీ బావికీ మధ్యన కట్టారు."

వెళ్ళి చూశాను. కర్రలు వరసగా, ఎంతో చక్కగా పాతి ఉన్నాయి. వంటింటి మెట్టు దిగి పదడుగులు నడిస్తే హద్దు, హద్దు దాటి ఇంకో ఇరవై అడుగులు నడిస్తే బావి. శాసనసభ గజాలను మళ్ళీ వేరా చేసింది. సాంకేతిక సవరణ. ఇల్లు జిల్లాకు బయటికి పోయింది, బావి లోపలే ఉండిపోయింది. నిజానికి లాయర్లు మొదటి నుంచీ గీద్దామనుకున్న గీత అదే. నవంబరులో రెండో ఎన్నిక. బీడులో కొత్త చక్రాల ఇల్లు, కొత్త ప్రజలు, పక్కన కంపెనీవారి నీళ్ళ ట్యాంకరు. థాక్స్‌టన్ అనుభవం నుంచి పాఠాలు నేర్చుకునే మనిషి.

వెర్నెలమ్మ ఓలీటా దగ్గరికి పోయింది. ఓలీటా జాబితా చూపించి, నీ పేరు లేదు వెర్నెలమ్మా అని ఏడ్చింది. నా బావి లోపలుందిగా అంటే, బావికి ఓటు లేదంది. ఓటు మనిషి పడుకునే చోటును బట్టి ఉంటుందట. అయితే సరే అని ముసలామె ఇంటికొచ్చి మడతమంచం ఈడ్చుకుంటూ హద్దు దాటించి బావిగట్టు పక్కన వేసుకుంది. వంట ఇంట్లో, పడక బావి దగ్గర. చలి మొదలైంది, మేకలు వెచ్చదనానికి మంచం కింద చేరాయి. కౌంటీ ఆఫీసువారు సానుభూతితో పరిశీలించి, ఓటరుగా నమోదు కావాలంటే ఎన్నికకు ముప్పై రోజుల ముందు రావాలనీ, ఇరవై రెండు రోజులే ఉన్నాయనీ తేల్చారు. పైగా వంటిల్లు అవతల ఉంచుకుని ఇవతల పడుకోవడంలో శాశ్వత నివాస ఉద్దేశం కనబడటం లేదన్నారు. ఆ ఇంట్లో ఆమె కాపురం యాభై మూడేళ్ళు. కొత్త ప్రజల కాపురం నలభై ఒక్క రోజులు, వాళ్ళకు ఉద్దేశం పుష్కలంగా ఉంది.

ఫలితం అనుకూలం రెండు, వ్యతిరేకం సున్నా. ఏకగ్రీవం. ఆ రోజు మా స్కూలు ఫుట్‌బాల్ జట్టుకు పెద్ద మ్యాచి, ఊరంతా బస్సులెక్కి అటు పోయింది. నేనూ పోయాను, గెలిచాం, మొదటి పేజీలో వేశాను.

బోర్లు నాలుగూ పడ్డాయి. సరస్సు నిండింది, బొమ్మలోలాగే నీలంగా ఉంది. ఇళ్ళు లేచాయి. కాలనీకి 'కుబాలా ఊటలు' అని పేరు పెట్టారు, స్థానిక చరిత్ర మీద గౌరవంతో. టర్మన్ చెప్పినట్టే రెండో వేసవి మధ్యలో వెర్నెలమ్మ బావిలో చేద దిగి బురద గీరుకుంది. ఆ శబ్దం తనకు వంటింట్లోకి వినబడిందని చెప్పింది. మేకల్ని అమ్మేసింది, నాలుగు మిగిల్చుకుంది. జిల్లావారు మాత్రం ఆమెను మరవలేదు. బావి జిల్లాలో ఉంది గనుక దాని అభివృద్ధి వాళ్ళ బాధ్యత. ఎండిన బావి పక్కన ఇత్తడి ఫలకం పాతారు: 'చారిత్రక బావి. ఈ జిల్లా తొలి ఓటర్ల దాహం తీర్చినది.' ఓడమ్ గారే ఆవిష్కరించారు. తాగడానికి అందరికీ సీసా నీళ్ళు పంచారు.

ఇప్పుడు శనివారం శనివారం డెల్‌రాయ్, యెసేనియా టైర్ల షాపు ట్రక్కులో రెండు పీపాల నీళ్ళు తెచ్చి ఆమె గుమ్మం ముందు దింపుతారు. జిల్లా నీళ్ళు ఆమెకు రావు. ఇల్లు హద్దుకు బయట ఉంది.

మొన్న మార్చిలో ఆమెను చూడటానికి వెళ్ళాను. పటం మేకు వదులై ఒరిగి ఉంటే, సరిచేద్దామని గోడ మీంచి దింపాను. దింపి, దుమ్ము తుడుద్దామని వెనక్కి తిప్పాను. వెనకా అద్దమే కదా. రెండో పేజీ కనబడింది. పోయినవారి వివరాలు, చేపల విందు, ఆ నడుమ చీమ తలకాయంత అక్షరాలు. తారీకు విజయోత్సవం నాటిదే. లాయర్ల ఆఫీసు నుంచి వచ్చింది వచ్చినట్టే నేను పేజీలో అతికించిన సవరణ నోటీసు. 'బావి గెలిచింది' అన్న శీర్షికకు సరిగ్గా వెనకవైపు, ఒకే కాగితం మీద. మూడేళ్ళకు పైగా అది ఆమె వంటింట్లోనే ఉంది, గోడ వైపు మొహం పెట్టుకుని.

ఆ అక్షరాలు తనకు ఆనవు, చదివి పెట్టమంది. పెకాన్ గింజలు ఒలుచుకుంటూ కూర్చుంది. నేను పైకి చదివాను. వంటింటి మెట్టుకు దక్షిణముగాను, బావిగట్టుకు ఉత్తరముగాను అన్న చోట ఆమె చేతులు ఆగిపోయాయి. ముప్పై రోజుల గడువు దాకా చదివి ముగించాను.

"అయితే ముందే చెప్పారన్నమాట" అంది.

నేను పటం అంచున దుమ్ము తుడిచాను.

"అచ్చు వేసింది నువ్వేగా లియోటా?"

"నేనే."

"నువ్వు కూడా చదవలేదా?"

లేదన్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒలిచిన గింజలు కాసిని నా చేతిలో పోసి, పటాన్ని ఈసారి రెండో పేజీ ఇటువైపు కనబడేట్టు తగిలించమంది. తగిలించాను. అప్పటి నుంచీ ఆ ఇంటికి వచ్చేవాళ్ళంతా దాని ముందు నిలబడుతున్నారట. చేపల విందు ఎప్పుడో అయిపోయిందే అని నొచ్చుకుని పోతున్నారట.

అందుకే నేను ఈ కథ రాశాను, అందుకే ఆ నోటీసును ఒక్క అక్షరం మార్చకుండా దీని నెత్తిన పెట్టాను. రెండో పేజీలో కాదు, చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, మొట్టమొదట, మీ కళ్ళెదుట. వెర్నెలమ్మ ఇల్లు బయటికి పోతుందనీ బావి లోపల ఉండిపోతుందనీ ఆ మూడు వాక్యాల్లోనే ఉంది. అభ్యంతరం చెప్పుకోవచ్చని కూడా ఉంది. మీరు ఈ కథను ఏ వాక్యం దగ్గర చదవడం మొదలుపెట్టారో నేను అడగను.